మరాఠీకి తిరిగిన నోరు ఇంగ్లీషుకు ఎందుకు తిరగదు?

మేడం గారూ, మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కొత్తగా ఇంగ్లీషు లెక్చరర్‌గా చేరారు. పిల్లలు టెన్సులు, వాయిస్, డైరెక్ట్ ఇండైరెక్ట్ అన్నీ బోర్డు మీద చకచకా చేసేస్తున్నారు. లేచి రెండు మాటలు మాట్లాడమంటే మాత్రం తల దించుకుని నిలబడుతున్నారు. స్టాఫ్ రూములో పెద్దవాళ్ళేమో "మన కల్చరే అంతమ్మా, మనవాళ్ళకు సిగ్గెక్కువ" అని తేల్చేశారు. అది నిజమా, నిజమైతే మనం చేయగలిగింది ఏమైనా ఉందా అని అడిగారు.

నేను 26 ఏళ్ళుగా డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్తున్నాను. మధ్యలో కొన్నేళ్ళు సాయంత్రం పూట, విదేశాలకు వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ కూడా ఇచ్చాను. సంస్కృతి ప్రభావం ఉందా అంటే ఉంది. కానీ మీ స్టాఫ్ రూములో వేలు పెట్టి చూపిస్తున్న చోట లేదు.

మా బాబాయి సంగతి చెప్తాను. ఏడో తరగతితో చదువు మానేసి సిరిసిల్ల నుంచి మహారాష్ట్రలోని భీవండి పవర్‌లూములకు వెళ్ళాడు. మా వైపు నేత కుటుంబాల్లో ఇది మామూలే. ఏడాది తిరిగేసరికి హిందీ, మరో రెండేళ్ళకు మరాఠీ మాట్లాడేవాడు. ఆయన హిందీలో ఆడా మగా తేడా లేదు, కుర్చీ నుంచి చెల్లెలి దాకా అన్నీ "ఆతా హై, జాతా హై"లే. అవతలివాళ్ళు నవ్వితే తనూ నవ్వేవాడు, చెప్పాల్సింది చెప్పేసేవాడు. అదే మనిషి ఊరికొచ్చి బ్యాంకుకు వెళ్ళినప్పుడు మేనేజరు ఇంగ్లీషులో ఒక్క వాక్యం అనేసరికి చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. జవాబు తెలుగులో చెప్పొచ్చు కదా, అదీ చెప్పలేదు.

సిగ్గే కారణమైతే ఆయనకు మరాఠీ కూడా రాకూడదు. మీ క్లాసులో కూడా చూడండి, హైదరాబాద్‌లో రెండు నెలలు ఏదో షాపులో పనిచేసి వచ్చిన కుర్రాడు తప్పుల తడక హిందీ ధైర్యంగా మాట్లాడతాడు. ఇంట్లో నేర్పిన మొహమాటం, పెద్దల ముందు ఒదిగి ఉండడం హిందీకి అడ్డు రాలేదు, ఇంగ్లీషుకే వచ్చింది. తేడా ఎక్కడంటే, హిందీ తప్పుగా మాట్లాడితే "వీడికి హిందీ సరిగ్గా రాదు" అంటారు. ఇంగ్లీషు తప్పుగా మాట్లాడితే "వీడికి చదువు రాదు" అంటారు. మొదటిది ఒక భాష గురించిన మాట. రెండోది మనిషి మొత్తానికీ వేసే మార్కు. అంత పందెం పెట్టి ఎవరు మాత్రం నోరు తెరుస్తారు?

మీరడిగిన "సంస్కృతి"లో నేను మొదట పెట్టేది ఇదే, మన సమాజం ఇంగ్లీషుకు ఇచ్చిన పీట. పెళ్ళిచూపుల్లో, బ్యాంకులో, ఆసుపత్రి కౌంటర్ దగ్గర ఆ పీట ఎంత ఎత్తులో ఉందో పిల్లలు చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నారు.

రెండోది పరీక్షల అలవాటు. ఇంటర్లో సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకుని నూటికి 98 తెచ్చుకున్న పిల్లలు మీ క్లాసులోనే ఉంటారు. సంస్కృతంలో ఒక వాక్యం చెప్పమని అడిగి చూడండి. వాళ్ళ తప్పు కాదు. భాష అంటే మార్కులు తెచ్చే పేపరు అని మనమే నేర్పాం. ఇంగ్లీషుకూ అదే గతి పట్టింది. మాట్లాడే పరీక్ష అంటూ ఒకటి లేకుండానే ఏళ్ళ తరబడి ఇంటర్ ఇంగ్లీషు నడిచింది. తెలంగాణ ఇంటర్ బోర్డు 2023-24 నుంచి ఇంగ్లీషుకు 20 మార్కుల ప్రాక్టికల్ పెట్టింది. మంచిదే. అయితే దాన్ని కూడా గైడు చూసి బట్టీ పట్టే రోజు ఎంతో దూరంలో లేదని నా అనుమానం.

మూడోది ఎవరూ పెద్దగా మాట్లాడరు. మీ పిల్లల్లో చాలామందికి వాళ్ళ తెలుగే తప్పు అని ఇప్పటికే ఎవరో చెప్పి ఉంటారు. శ్రీకాకుళం పిల్లాడి యాసకు విజయవాడ హాస్టల్లో నవ్వారు. పాలమూరు పిల్ల "వస్తున్న" అంటే "వస్తున్నాను అనాలి" అని టీచరే దిద్దింది. మన సినిమాల్లో కామెడీ పాత్రల యాస ఏదో, హీరో యాస ఏదో ఏళ్ళ తరబడి చూశాం కదా. సొంత భాషలోనే నోరు తెరిస్తే నవ్వుతారని నేర్చుకున్న పిల్లాడు పరాయి భాషలో తెరుస్తాడా? బడిలో గ్రాంథికం తీసి వ్యవహారిక భాష పెట్టాలని గిడుగు రామమూర్తి గారు పోరాడి నూరేళ్ళు దాటింది. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం, ఉపన్యాసాలిస్తున్నాం, మర్నాడు పిల్లల యాస దిద్దుతున్నాం. ఆ గిడుగు గారే పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ అక్కడి గిరిజనుల సవర భాష నేర్చుకున్నారు. అదీ ఎలా? సవరలను కూర్చోబెట్టి, వాళ్ళు మాట్లాడుతుంటే విని.

ఇక "మనది మౌన సంస్కృతి" అనే మాట నాకు మింగుడుపడదు. అవధానం మనది, ఒగ్గుకథ మనది, బుర్రకథ మనది. రచ్చబండ దగ్గర కూర్చుంటే రాజకీయాల మీద మాట్లాడని మనిషి కనపడడు. నా క్లాసులో ఒక అమ్మాయి ఉండేది, ఏడాదంతా "ప్రెజెంట్ మేడం" తప్ప వేరే మాట వినలేదు. బతుకమ్మ నాడు వాళ్ళ ఊరు వెళ్తే అదే పిల్ల ముందు పాట ఎత్తుకుంటోంది, వెనక నలభై మంది ఆడవాళ్ళు అందుకుంటున్నారు. గొంతు చివరి వీధి దాకా వినిపిస్తోంది. ఆమెకు మాట్లాడడం రాదని నేను ఏడాది పాటు అనుకున్నందుకు సిగ్గుపడ్డాను.

అంటే ఎక్కడ గొంతు విప్పొచ్చు, ఎక్కడ విప్పకూడదు అనే లెక్క ఉంది. ఆ లెక్క అందరికీ ఒక్కటి కాదు, అందుకే సంస్కృతి అనగానే ఎవరి సంస్కృతి అని అడగాలి. ఆడపిల్లకు "నువ్వు అంత గట్టిగా మాట్లాడకు" అని చెప్పిన ఇల్లు, మగపిల్లాడికి ఆ మాట చెప్పదు. దొర గడీ ముందు తాత "నీ బాంచెన్" (నీ బానిసను) అంటూ చేతులు కట్టుకుని నిలబడిన కుటుంబంలో, అధికారం ముందు గొంతు తగ్గించడం బతకడానికి నేర్చుకున్న విద్య. లెక్చరర్ కుర్చీ కూడా ఆ పిల్లాడికి ఒక చిన్న గడీలాగే కనిపిస్తుంది. దాన్ని "సిగ్గు" అని కొట్టిపారేస్తే మనం అన్యాయం చేసినవాళ్ళం అవుతాం.

భయం మనకు ప్రత్యేకమేమీ కాదు కూడా. 1986లో ఎలైన్ హోర్విట్జ్ అనే పరిశోధకురాలు మరో ఇద్దరితో కలిసి, పరాయి భాష క్లాసులో విద్యార్థులకు కలిగే టెన్షన్‌ను కొలవడానికి 33 వాక్యాల ప్రశ్నావళి తయారుచేశారు. నేను మాట్లాడితే తోటివాళ్ళు నవ్వుతారేమో అన్న భయం అందులో ఒక వాక్యం. అది టెక్సాస్‌లో స్పానిష్ నేర్చుకుంటున్న అమెరికన్ పిల్లల మీద చేసిన పని. ఇంట్లో, బళ్ళో ప్రశ్నలు అడుగుతూ పెరిగిన పిల్లలక్కూడా ఉన్న భయమే మన పిల్లలకూ ఉంది. మన దగ్గర దానికి హోదా భయం తోడైంది.

ఇప్పుడు అసలు సంస్కృతి పనిచేసే చోటుకు వస్తాను. పిల్లలు మాట్లాడనప్పుడు కంటే, మాట్లాడినప్పుడే అది బాగా కనిపిస్తుంది.

తెలుగులో మర్యాద క్రియలో ఉంటుంది. "ఇవ్వు"కు "అండి" చేర్చి "ఇవ్వండి" అంటే చాలు, పని జరుగుతుంది, గౌరవమూ దక్కుతుంది. "దయచేసి" అనే మాట రైల్వే స్టేషన్లో వినడమే గానీ ఇంట్లో ఎవరం వాడం. కాఫీ ఇచ్చిన అమ్మకు "ధన్యవాదాలు" చెప్తే జ్వరమొచ్చిందేమోనని నుదురు పట్టి చూస్తుంది. అలాంటి ఇంటి పిల్ల "ఇవ్వండి"ని ఇంగ్లీషులోకి మారిస్తే "గివ్ మి" వస్తుంది. "అండి" దారిలో జారిపోయింది. మనసులో మర్యాద అంతా అలాగే ఉంది, వినేవాడికి మాత్రం ఆజ్ఞలా తగులుతుంది. మనవాళ్ళు ప్రతి వాక్యం చివరా "సార్, సార్" అని ఎందుకు తగిలిస్తారో నాకు చాలాకాలం తెలియలేదు. ఆ జారిపోయిన "అండి"ని వెతుక్కుంటున్నారన్నమాట! "కుడ్ యూ", "వుడ్ యూ మైండ్" అనేవి ఇంగ్లీషువాళ్ళ "అండి" అని చెప్పిన రోజు నుంచి నా క్లాసులో అవి నిలబడ్డాయి. అంతకుముందు మోడల్ వెర్బ్స్ పేరుతో చెప్పినప్పుడు ఒక్కరికీ ఎక్కలేదు.

నా పాత విద్యార్థి ఒకడు అమెరికాలో ఎంఎస్‌లో చేరిన కొత్తలో ఫోన్ చేశాడు. ప్రొఫెసర్‌కు "ఐ హావ్ ఎ డౌట్ ఇన్ యువర్ లెక్చర్" అని మెయిల్ పెట్టాడట, ఆయన కాస్త నొచ్చుకున్నట్టు జవాబిచ్చాడట. మనకు డౌటు అంటే అడగాలనుకున్న ప్రశ్న. ఆయనకు అది నమ్మకం లేకపోవడం. వ్యాకరణం చూస్తే ఆ వాక్యంలో పెద్ద తప్పు లేదు. డెల్ హైమ్స్ అనే అమెరికన్ పండితుడు 1960ల నుంచీ చెప్పింది ఇదే: వ్యాకరణం ఒక్కటే వస్తే భాష వచ్చినట్టు కాదు, ఎవరితో, ఎక్కడ, ఏ మాట చెల్లుతుందో తెలియడం కూడా భాషలో భాగమే.

ఇంకోటి, పొట్టి జవాబులు. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది. ఎగ్జామినర్ "మీకు వంట చేయడం ఇష్టమా?" అని అడిగితే మనవాడు "నో సార్" అని ఆగిపోతాడు. రెండో భాగంలో ఒక నిమిషం ఆలోచించుకోనిచ్చి రెండు నిమిషాల దాకా మాట్లాడమంటారు, నలభై సెకన్లకే అయిపోయిందంటాడు. మాటలు లేక కాదు. పెద్దవాళ్ళు అడిగితే అడిగినంత వరకే చెప్పాలి, పొడిగిస్తే "ఎదురు సమాధానం" అని పేరు. అక్కడ కొలిచేవి నాలుగు: ధారాళత, పదాలు, వ్యాకరణం, ఉచ్చారణ. మీ అభిప్రాయం ఒప్పా తప్పా అని ఎవరూ చూడరు, వంటంటే అసహ్యం అని చెప్పినా మార్కులు పోవు. ఈ సంగతి చెప్తే పిల్లలు మొదట నమ్మరు. పద్దెనిమిదేళ్ళలో వాళ్ళ అభిప్రాయం ఎవరైనా అడిగి ఉంటే కదా! గ్రూపు కూడా నాన్నో మావయ్యో ఎంచి పెట్టిందే.

"టెల్ మి అబౌట్ యువర్‌సెల్ఫ్" అంటే "మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, మై మదర్ ఈజ్ ఎ హౌస్ వైఫ్, మై నేటివ్ ప్లేస్..." అని మొదలుపెట్టడం మీద ప్లేస్‌మెంట్ ట్రైనర్లు జోకులేస్తారు. నాకు ఆ జోకులు నచ్చవు. మన ఊళ్ళో కొత్త మనిషిని అడిగే మొదటి ప్రశ్న "ఎవరబ్బాయివి? ఏ ఊరు మీది?" మన ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఆ పిల్లాడు మన పద్ధతిలో పద్ధతిగానే జవాబు చెప్పాడు. అడిగినవాడు వేరే పద్ధతిలో అడిగాడు, అంతే. "నీ బలాలేంటి" అంటే ఇంకా ఇబ్బంది. తనను తాను పొగుడుకోవడం తప్పని నేర్చుకుని వచ్చాడు, కాబట్టి తన బలం తన నోటితో చెప్పలేక గైడులో ఉన్న "హార్డ్ వర్కింగ్" అరువు తెచ్చుకుంటాడు. నేను ఏం చేస్తానంటే, పక్కవాడి బలాలు చెప్పమంటాను. స్నేహితుణ్ణి పొగడడానికి ఎవరికీ అడ్డు లేదు, మాటలు వరదలా వస్తాయి. తర్వాత అవే వాక్యాల్లో "హి" తీసి "ఐ" పెట్టిస్తాను.

"ఐ విల్ గో అండ్ కమ్ మేడం" విని మీరూ నవ్వి ఉంటారు. "వెళ్తాను" అనడం మనకు అశుభం, "వెళ్ళొస్తాను" అనాలి. దిద్దండి, కానీ ఆ కారణం తెలిసినట్టు దిద్దండి. అవును కాదుల చిక్కు కూడా ఇలాంటిదే. "నిన్న రాలేదా?" అంటే మనం "అవును, రాలేదు" అంటాం. ఇంగ్లీషులో "నో, ఐ డిడ్ నాట్" అనాలి. మన పిల్ల "యెస్ మేడం" అంటే వచ్చిందో రాలేదో అడిగినవాళ్ళకు తెలియదు.

సరే, ఏం చెయ్యాలి అన్నారు. నాకు పనికొచ్చినవి చెప్తాను, మీ క్లాసుకు ఏవి కుదురుతాయో మీరే చూసుకోండి.

ప్రశ్న అడిగాక ఆగండి. మేరీ బడ్ రో అనే ఆవిడ అమెరికాలో సైన్సు క్లాసులు రికార్డు చేసి చూస్తే, టీచర్లు ప్రశ్న అడిగి సుమారు ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లు, అంతకుపైన ఆగితే జవాబులు పొడవుగా వచ్చాయి. మన పిల్లలు తెలుగులో ఆలోచించి, మార్చుకుని, తప్పులు చూసుకుని చెప్పాలి, వాళ్ళకు మూడు కూడా చాలవు. నేను మనసులో పది లెక్కపెట్టుకుంటాను. మొదట్లో ఆ నిశ్శబ్దం భరించడం మనకే కష్టం.

"అర్థమైందా?" అని అడగడం మానేయండి. "అయిందీ మేడం" అని కోరస్ వస్తుంది, అది సమాధానం కాదు, సంప్రదాయం.

మీకు తెలియనిది, వాళ్ళకు తెలిసింది అడగండి. ఇది అన్నింటికన్నా ఎక్కువ పనిచేసింది. నేను టెక్నాలజీ లాభనష్టాల మీద మాట్లాడమన్నంత కాలం క్లాసు రాయిలా ఉంది. ఒకసారి పత్తి మార్కెట్లో తేమ పేరుతో రేటు ఎలా తగ్గిస్తారో నాకు తెలియదు, చెప్పమన్నాను. చివరి బెంచీ కుర్రాడు లేచి పావుగంట చెప్పాడు. టెన్సులన్నీ కలగాపులగం. కానీ ఆ పావుగంట నేను విద్యార్థిని, అతను మాస్టారు. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు అనే ఇంగ్లీషు బోధనా నిపుణుడు బెంగళూరు, మద్రాసు ప్రాంతాల బడుల్లో చేసిన ప్రయోగం కూడా ఈ దారిదే. వ్యాకరణ పాఠం పక్కనపెట్టి రైలు టైంటేబుల్ చూసి లెక్కలు కట్టడం, మ్యాపు చూసి దారి చెప్పడం లాంటి పనులు ఇచ్చారు. పని మీద ధ్యాస పడితే భాష మీద భయం కాస్త పక్కకు జరుగుతుంది.

మాట మధ్యలో దిద్దకండి. నేను ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని రాసుకుంటాను, చివర్లో ఎవరి పేరూ ఎత్తకుండా నాలుగైదు తప్పులు బోర్డు మీద వేస్తాను. నాకు తెలియని ఉచ్చారణ వస్తే వాళ్ళ ముందే ఫోనులో డిక్షనరీ తీసి వింటాను. మేడంకు కూడా రాదా అని మొదటిరోజు మొహాలు చూసుకున్నారు. తర్వాత అలవాటైపోయింది.

నవ్వేవాళ్ళ విషయంలో మాత్రం నేను కఠినం. గమనించండి, నవ్వేది చాలాసార్లు బాగా మాట్లాడేవాళ్ళు కాదు, తమ వంతు వస్తుందేమోనని భయపడేవాళ్ళు. నవ్వినవాణ్ణి తిట్టను, తర్వాతి ప్రశ్న అతనికే వేస్తాను.

తెలుగు మాట్లాడితే ఫైన్ వేద్దామా అని కూడా అడిగారు. వద్దు. 2009లో కడప జిల్లాలో ఒక బడిలో తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో పలకలు వేలాడదీసిన సంగతి అప్పట్లో పేపర్లలో వచ్చింది, మీకు గుర్తుండే ఉంటుంది. మీరు పది రూపాయల ఫైన్ వేసినా చెప్పేది అదే మాట. పైగా ఫైన్ పడుతుందంటే పిల్లలు ఇంగ్లీషు మాట్లాడరు, మాట్లాడడమే మానేస్తారు. మాట దొరకని చోట తెలుగు వాడనివ్వండి, వాక్యం పూర్తికానివ్వండి, ఆ ఒక్క మాటా మీరు అందించండి.

రేపే మొదలుపెట్టాలంటే అటెండెన్స్‌తో మొదలుపెట్టండి. "ప్రెజెంట్ మేడం" బదులు పొద్దున ఏం తిన్నారో ఇంగ్లీషులో ఒక్క వాక్యం. అరవై మందికి ఆరేడు నిమిషాలు పడుతుంది. మొదటి వారం అందరూ "ఐ ఏట్ రైస్" అంటారు, విసుగు పుడుతుంది, మానకండి. రెండో వారమో మూడో వారమో ఎవరో ఒకరు "నథింగ్ మేడం, గ్యాస్ ఓవర్" అంటారు. క్లాసంతా నవ్వుతుంది. ఆ నవ్వు వేరు, మీకే తెలుస్తుంది. "గ్యాస్ ఓవర్" దిద్దకుండా, మరి వాళ్ళమ్మ ఏం చేసిందో అడగండి.